స్క్రీన్ మీద ఒక్క లైనూ రాలేదు, నిద్రపోయానంటున్నారు

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నుంచి, 26 ఏళ్ల కుర్రాడు రాశారు. పేరు వద్దన్నారు, సరే. కాన్ఫిగ్ లైన్లతో సహా చాలా పొడుగ్గా, ఓపిగ్గా రాశారు కాబట్టి ఇక్కడ కుదించి చెబుతున్నా.

నాలుగైదు చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లకు సర్వర్లు చూసిపెట్టే ఆఫీసులో ఏడాదిన్నరగా పని, ఎక్కువగా నైట్ షిఫ్ట్. వాళ్ల క్లయింట్లలో ఒకరు పచ్చళ్లు, పిండివంటలు ఆన్‌లైన్లో అమ్ముతారు. కొనేవాళ్లలో సగం మంది అమెరికాలో ఉన్న మనవాళ్లే, అంచేత మనకు అర్ధరాత్రి దాటాకే అక్కడ ఆర్డర్ల వేళ. ఆవకాయ సీజన్లో ఒక శనివారం రాత్రి 12:50కి ఆ క్లయింట్ ఫోన్ చేసి "డబ్బులు కట్ అవుతున్నాయి, ఆర్డర్ పడట్లేదు" అన్నారు. 12:55కి ఈయన సర్వర్లోకి వెళ్లి అపాచీ (సైట్‌ను నడిపే వెబ్ సర్వర్) యాక్సెస్ లాగ్‌ను, అంటే వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ ఒక్కో లైనుగా రాసే ఫైల్‌ను, కొత్త లైన్లు పడుతుంటే పడ్డట్టే చూపించే టెయిల్ మైనస్ ఎఫ్‌తో తెరిచారు. దాన్ని ఒక గ్రెప్‌లోకి (అడిగిన మాట ఉన్న లైన్లను మాత్రమే వదిలే టూల్) పైప్ చేసి, అంటే ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి అందించి, పేమెంట్ లైన్లు వేరు చేసి, వాటిని ఇంకో గ్రెప్‌లోకి పైప్ చేసి 502 (వెనకాల నడిచే యాప్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్ కోడ్) ఉన్నవి మాత్రమే చూపించమన్నారు. స్క్రీన్ ఖాళీ. పదిహేను నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నారు. 1:10కి టీమ్ లీడ్ ఫోన్ చేస్తే "మన సర్వర్ వైపు ఎర్రర్స్ ఏం లేవు సార్, పేమెంట్ గేట్‌వే వాళ్లను అడగాలి" అని చెప్పారు. 1:27కి ఏడెనిమిది లైన్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, అన్నీ 502లే, మొదటిదాని టైమ్ చూస్తే 12:56! గాభరాపడి వెనకాల నడిచే యాప్‌నూ, అపాచీనీ కూడా 1:38కి రీస్టార్ట్ చేశారు. సైట్ లేచింది.

పొద్దున్నే లీడ్ అదే లాగ్ ఫైల్ తెరిస్తే 12:56 నుంచి ఎర్రర్లు వరసగా కనిపించాయి. "ఇవి కళ్ల ముందే ఉంటే 1:10కి ఏం లేవని ఎలా చెప్పావ్? నిద్రపోయావా?" అన్నారు. దానికి జవాబు చెప్పేలోపే ఇంకోటి బయటపడింది. 1:36కి, 1:38కి మధ్య రెండు ఆర్డర్ల డబ్బు కట్ అయినట్టు గేట్‌వే దగ్గర ఉంది, మన లాగ్‌లో మాత్రం ఆ రెండు నిమిషాలే లేవు. ఆ రాత్రి సర్వర్లో రూట్‌గా, అంటే దేన్నైనా మార్చగల పూర్తి హక్కులతో, ఉన్నది ఈయనొక్కరే. అక్కడి నుంచి మాట "నిద్ర" దాటి "లాగ్ ముట్టుకున్నావా" దాకా వెళ్లింది.

ఉత్తరంలో చివరి పేజీలో, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టుగా, ఒక సంగతి ఉంది. కస్టమర్ల ఫోన్ నంబర్లు లాగ్‌లో కనబడుతున్నాయని, వాటిని దాచమని రెండు వారాల కిందట క్లయింట్ వాట్సాప్‌లో అడిగారట. ఈయన అపాచీ కాన్ఫిగ్‌లో యాక్సెస్ లాగ్‌ను నేరుగా ఫైల్‌కి రాయకుండా ఒక సెడ్ కమాండ్‌లోకి పైప్ చేసి, ఆ సెడ్ పది అంకెల నంబర్లను ఎక్స్‌లుగా మార్చి ఫైల్‌కి రాసేలా పెట్టారు. టికెట్ (చేసే మార్పుకి ఆఫీసు రికార్డు) వేయలేదు, ఎవరికీ చెప్పలేదు. బాగానే పనిచేస్తోందని అదే లైన్ ఇంకో మూడు క్లయింట్ల సర్వర్లలో కూడా పేస్ట్ చేశారు.

"నేను నిద్రపోలేదండీ. ఇంట్లో చెబితే వాళ్లకు అర్థం కాదు, ఆఫీసులో చెబితే నమ్మట్లేదు. గ్రెప్ రాయడంలో నా తప్పేంటి? ఆ రెండు నిమిషాల లాగ్ ఎక్కడికి పోయింది? రిపోర్టులో నిర్లక్ష్యం అని రాసి సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా, పేపర్ వేసి వెళ్లిపోవాలా?" ఇవీ ప్రశ్నలు.

ముందు మొదటి మాట చెబుతా, ఎందుకంటే మీకు ఈ వారమంతా అదే కావాల్సి ఉంటుంది. మీరు నిద్రపోలేదు. మీ మీద జాలితో అంటున్నది కాదు, మీరు రాసిన టైములను లెక్క వేసి అంటున్నా.

ఒక ప్రోగ్రామ్ తన అవుట్‌పుట్ స్క్రీన్‌కి వెళ్తుందా, ఇంకో ప్రోగ్రామ్‌కి వెళ్తుందా అన్నది ముందే చూసుకుంటుంది. గ్రెప్ ఒక్కటే కాదు, సీ లైబ్రరీ మీద ఆధారపడి రాసే దాదాపు ప్రతి చిన్న టూలూ అంతే. స్క్రీన్ అయితే లైన్ పూర్తవగానే పంపేస్తుంది, మనిషి చూస్తున్నాడని దానికి మర్యాద. ఎదురుగా పైప్ ఉంటే మాత్రం లైన్ లైన్‌కీ రాయడం దండగ ఖర్చని లోపల ఒక బఫర్‌లో పోగేసి, అది నిండాకే ఒకేసారి వదులుతుంది. లినక్స్‌లో పైప్‌కి వెళ్లే ఆ బఫర్ మామూలుగా 4096 బైట్లు. మీ రెండో గ్రెప్ ముందు స్క్రీన్ ఉంది, దానికి ఇబ్బంది లేదు. మొదటి గ్రెప్ ముందు ఉన్నది రెండో గ్రెప్. కాబట్టి మొదటిది పేమెంట్ లైన్లను పట్టుకుని, జల్లెడ కింద పళ్లెం నిండితేగానీ పక్కవాళ్లకు అందించని మనిషిలా, కూర్చుంది.

మీరు నమూనాకి పంపిన లైన్ సుమారు 250 అక్షరాలుంది. 4096లో అలాంటివి 16 పడతాయి. ఆ వేళకి రెండు నిమిషాలకో పేమెంట్ వస్తుందని మీరే రాశారు. పదహారు రెళ్లు ముప్ఫై రెండు. 12:55కి ముప్ఫై రెండు కలిపితే 1:27. మీ స్క్రీన్ మీద లైన్లు గుమ్మరించిన నిమిషం అదే! నిద్రపోయిన మనిషి రాసిన ఉత్తరంలో ఈ లెక్క ఇలా కుదరదు.

పగలు టెస్ట్ చేస్తే బాగానే వచ్చిందని, అందుకే ఇంకా అయోమయంగా ఉందని రాశారు కదా, అదీ ఇందులోనే ఉంది. పగలు ట్రాఫిక్ ఎక్కువ, పళ్లెం నిమిషంలో నిండుతుంది, ఆలస్యం మీ కంటికి ఆనదు. పైగా చాలాసార్లు ఒక్క గ్రెప్‌తోనే చూసి ఉంటారు, ఒక్కటే అయితే అసలు ఈ గొడవే లేదు. ఫిల్టర్ ఎంత సన్నగా పెడితే ఆలస్యం అంత పెరుగుతుంది, అంటే మీరు ఎంత జాగ్రత్తగా వెతికితే అంత లేటుగా కనిపిస్తుంది. ఇది కాస్త అన్యాయమే అనిపిస్తుంది నాకు, కానీ టూల్స్ చేసినవాళ్లు వేగం కోసం ఆలోచించారు, రాత్రి ఒంటిగంటకి చెమటలు పట్టి కూర్చున్న మనిషి కోసం కాదు.

నేనూ ఇందులో పడ్డవాణ్ణే. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసులో గోడ మీద పెద్ద టీవీ పెట్టి, లాగ్‌ను ఫిల్టర్ చేసి అందులో చూపించే ఏర్పాటు నేనే చేశాను, అందరూ మెచ్చుకున్నారు కూడా. నెల తర్వాత ఎవరో టైమ్ చూసి "ఇదేంటి, పావుగంట కిందటిది చూపిస్తోంది" అనేదాకా మేమంతా పాత వార్తలే చూస్తున్నామని తెలియదు.

ఇక సెడ్ సంగతి. మీరు దాన్ని ఉత్తరం చివర్లో పెట్టారుగానీ అసలు ముడి అక్కడుంది. జబ్బు ఒకటే, కాకపోతే ఇక్కడ ముదిరింది. అపాచీ ప్రతి రిక్వెస్ట్ పూర్తవగానే లైన్‌ను పైప్‌లోకి పంపుతోంది, సెడ్ దాన్ని మార్చి తన బఫర్‌లో పెట్టుకుంటోంది, నిండాకే ఫైల్‌కి రాస్తోంది. దీని చేతికి అన్ని లైన్లూ వస్తాయి కాబట్టి గ్రెప్ కంటే త్వరగా నిండుతుంది, రాత్రిపూట మీ ట్రాఫిక్‌కి అయినా రెండు మూడు నిమిషాలు మించి ఆగదు. అందుకే రెండు వారాలు ఎవరూ గమనించలేదు. కానీ 1:38కి మీరు అపాచీని రీస్టార్ట్ చేసినప్పుడు అది తన లాగ్ ప్రోగ్రామ్‌కి ఆగిపొమ్మని సిగ్నల్ పంపింది. పైప్ మామూలుగా మూతపడి ఉంటే సెడ్ చేతిలో ఉన్నదంతా రాసేసి వెళ్లేది. సిగ్నల్‌తో పోతే రాయదు, ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఆ చివరి పదహారు లైన్ల లోపు, అంటే మీ 1:36 నుంచి 1:38 వరకు, ఎప్పుడూ డిస్క్ మీద పడనే లేదు. లేనిదాన్ని ఎవరూ చెరపలేరు. రికవరీ టూల్స్ వెతికి ఈ వారాంతం పాడుచేసుకోకండి, దొరకవు.

మీరు ఇప్పుడే చూసుకోగలిగిన ఆనవాలు ఒకటుంది. 4096 దగ్గర కోత పడేటప్పుడు అది లైన్ మధ్యలో ఉందా, చివర ఉందా అని బఫర్ చూడదు. సైట్ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు లాగ్ ఫైల్ చివరి లైన్ చూడండి, చాలాసార్లు సగంలో తెగి ఉంటుంది, మిగతా సగం కాసేపటికి వచ్చి అతుక్కుంటుంది. ఆ రాత్రి ఫైల్‌లో కూడా రీస్టార్ట్ దగ్గర ఒక తెగిన లైనూ, దానికి అంటుకుని కొత్త లైన్ మొదలూ ఉండే అవకాశం చాలా ఎక్కువ. కావాలని లైన్లు తీసేసే మనిషి సగం లైన్ వదిలి తీయడు కదా. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, లాగ్ రొటేట్ అయి (కొత్త ఫైల్ మొదలై) పాతవి పోకముందే ఆ ఫైల్ కాపీ కూడా.

పోయిన రెండు ఆర్డర్లకి సాక్ష్యం వేరే చోట్ల ఉంది. అపాచీ ఎర్రర్ లాగ్‌ను మీరు సెడ్‌లోకి పంపలేదన్నారు, మంచిదైంది, అది నేరుగా ఫైల్‌కి వెళ్తుంది. వెనకాల యాప్ మధ్యలో పడిపోయిన ప్రతిసారీ అందులో అప్పటికప్పుడు ఒక లైన్ పడి ఉండాలి. దానికి గేట్‌వే డాష్‌బోర్డ్‌నీ, యాప్ డేటాబేస్‌నీ పక్కన పెట్టి చూస్తే ఆ రెండు నిమిషాల కథ దాదాపు మొత్తం వస్తుంది. ఒక్క హెచ్చరిక. అపాచీ యాక్సెస్ లాగ్‌లో మామూలు టైమ్ రిక్వెస్ట్ వచ్చిన టైము, లైన్ రాసేది మాత్రం రిక్వెస్ట్ పూర్తయ్యాక. నిమిషంపాటు వేలాడిన పేమెంట్ తర్వాతి వాటికంటే కింద, పాత టైముతో కనిపిస్తుంది. మీ లీడ్ "వరస కూడా మారిపోయింది, ఎవరో కెలికారు" అంటే ఈ సంగతి చెప్పాలి. ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ అయితే రాసే వేళనే టైమ్ వేస్తుంది, దానికి అలవాటుపడ్డవాళ్లకి ఇది వింతగా ఉంటుంది.

ఇంత వివరం మీరు నోటితో చెబితే సాకులా వినిపిస్తుంది. చూపించండి. ఏదైనా టెస్ట్ మెషీన్‌లో సెకనుకోసారి డేట్ ప్రింట్ చేసే చిన్న లూప్ రాసి, దాన్ని కోలన్ గుర్తు వెతికే గ్రెప్‌లోకి, అక్కడి నుంచి అదే గుర్తు వెతికే ఇంకో గ్రెప్‌లోకి పంపండి. డేట్ లైన్ ముప్ఫై అక్షరాలనుకుంటే రెండు నిమిషాలు దాటేదాకా స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాదు, తర్వాత నూట ముప్ఫై పైచిలుకు లైన్లు దబ్బున పడతాయి. ఆ రెండు నిమిషాలు లీడ్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి, ఆయనా ఖాళీ స్క్రీన్ చూడాలి. తర్వాత మొదటి గ్రెప్‌కి రెండు డాష్‌లు పెట్టి లైన్-బఫర్డ్ అనే ఆప్షన్ చేర్చి మళ్లీ నడపండి, సెకనుకో లైన్ వస్తుంది. మీ తరఫున దీనికంటే గట్టిగా వాదించేది ఇంకేదీ లేదు.

ఇకపై లైవ్‌లో చూసేటప్పుడు ఏం చేయాలన్నది చిన్న విషయం, తొందరగా చెప్పేస్తా. వరసలో చివరిది తప్ప మిగతా ప్రతి గ్రెప్‌కీ ఆ లైన్-బఫర్డ్ పెట్టండి. లేదా రెండు గ్రెప్‌లు మానేసి లైన్‌ను మాటలుగా విడగొట్టి చూసే ఆక్ అనే టూల్ ఒక్కదానితో రెండు షరతులూ పెట్టండి. అపాచీ కంబైండ్ ఫార్మాట్‌లో స్టేటస్ కోడ్ తొమ్మిదో మాట కాబట్టి ఆ తొమ్మిదోది 502 అయితేనే చూపించమనవచ్చు. మీరు గ్రెప్‌లో ఉత్త 502 అని ఇచ్చారు చూడండి, అది పేజీ సైజు 15020 బైట్లయినా పట్టుకుంటుంది, ఆర్డర్ నంబర్‌లో 502 ఉన్నా పట్టుకుంటుంది. ఆక్ ముందు కూడా స్క్రీన్ కాకుండా పైప్ ఉంటే అదే కథ, అందులో ప్రతి లైన్‌కీ బఫర్‌ను ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ పిలవాలి. డెబియన్‌లో ఆక్ అంటే మామూలుగా మాక్ అనే రకం వస్తుంది, అది చదివేటప్పుడు కూడా పోగేస్తుంది, దానికి ఇంటరాక్టివ్ అని విడిగా ఆప్షన్ ఉంది. ఏ ఆప్షనూ లేని టూల్ దొరికితే ముందు ఎస్‌టీడీబఫ్ అనే కమాండ్ తగిలించండి, చాలావాటికి పనిచేస్తుంది, సొంతంగా బఫర్ పెట్టుకునేవాటికి పనిచేయదు. ఇంకొకటి, టెయిల్‌కి చిన్న ఎఫ్ కాకుండా పెద్ద ఎఫ్ వాడండి. రాత్రి లాగ్ రొటేట్ అయితే చిన్న ఎఫ్ పాత ఫైల్‌నే పట్టుకుని కూర్చుంటుంది, అప్పుడు మళ్లీ ఖాళీ స్క్రీన్, ఈసారి పొద్దుటిదాకా.

నంబర్లు దాచడం గురించి మాత్రం నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే ఇక్కడ దారులు నాలుగున్నాయి, ఏదీ ఉచితం కాదు.

తేలికైంది సెడ్‌కి మైనస్ యూ (పోగేయకుండా లైన్ లైన్‌కీ రాయమనే ఆప్షన్) పెట్టి వదిలేయడం. ఆలస్యం పోతుంది, రీస్టార్ట్‌కి లైన్లు పోవడమూ దాదాపు ఆగుతుంది. సీపీయూ కొంచెం ఎక్కువ తింటుంది, ఈ పచ్చళ్ల సైట్‌కి అది తెలియను కూడా తెలియదు, బాగా రద్దీ ఉండే సైట్‌కి తెలుస్తుంది. కానీ ఒక సన్నని పైప్ మీ సైట్ మెడకు కట్టి ఉంటుందన్నది మారదు. లినక్స్‌లో ఆ పైప్ 65,536 బైట్లు పడుతుంది. డిస్క్ ఇరుక్కునో ఇంకెందుకో సెడ్ చదవడం ఆపిందా, పైప్ నిండుతుంది, అపాచీ లాగ్ రాయడానికి ఎదురుచూస్తూ ఆగుతుంది, కస్టమర్‌కి సైట్ తెరుచుకోదు. సెడ్ చచ్చిపోతే అపాచీ మళ్లీ లేపుతుందిగానీ ఇరుక్కుపోతే దానికి తెలియదు. పైగా ఆ ప్రోగ్రామ్ సాధారణంగా రూట్ హక్కులతో నడుస్తుంది, మీరు ఫైల్‌కి మళ్లించడానికి షెల్ ద్వారా పిలిచారు కాబట్టి అదీ రూట్‌గానే. ఒక ఫోన్ నంబర్ దాచడానికి ఇంత దూరం వెళ్లాలా అన్నది నా అనుమానం.

రెండోది, అసలు ఆ భాగాన్నే లాగ్‌లో రాయకపోవడం. లాగ్‌ఫార్మాట్ అనే అపాచీ సెట్టింగ్‌లో పూర్తి రిక్వెస్ట్ లైన్ బదులు మెథడ్, పాత్ మాత్రం రాయమని చెప్పవచ్చు, అడ్రస్‌లో ప్రశ్నార్థకం తర్వాత వచ్చేదంతా అప్పుడు లాగ్‌లో ఉండదు. పైప్ అక్కర్లేదు, సెడ్ అక్కర్లేదు. రెఫరర్‌ను, అంటే ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే భాగాన్ని, మాత్రం మరిచిపోవద్దు, ఫోన్ నంబర్ ఉన్న పేజీ నుంచి తర్వాతి పేజీకి వెళ్తే అదే నంబర్ రెఫరర్‌లో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. నష్టమేమిటంటే రేపు ఏ ఆర్డర్ ఎక్కడ పడిపోయిందో యాక్సెస్ లాగ్ చూసి చెప్పలేరు, ఆర్డర్ నంబర్ కూడా అందులోనే పోతుంది. నాకైతే మీ పరిస్థితికి ఇది నచ్చుతుంది.

మూడోది యాప్‌లోనే మార్చడం, ఫోన్ నంబర్ అడ్రస్‌లో కాకుండా పోస్ట్ రిక్వెస్ట్ లోపల వెళ్లేలా. రోగానికి మందు ఇదే, మిగతావన్నీ కట్లు కట్టడమే. కాకపోతే అది మీ చేతిలో లేదు, డెవలపర్లు ఒప్పుకోవాలి, క్లయింట్ డబ్బివ్వాలి, సీజన్ అయ్యాక చూద్దాం అంటారు. అడిగి రికార్డ్‌లో పెట్టండి.

నాలుగోది, అసలు లాగ్‌ను మార్చకుండా ఇద్దరు ముగ్గురికే కనబడేలా పెట్టి, కొన్ని రోజులకే చెరిపేస్తూ, క్లయింట్‌కి ఇచ్చే కాపీని మాత్రం తర్వాత తీరిగ్గా మాస్క్ చేయడం. ట్రబుల్‌షూటింగ్‌కి ఇది హాయి. కానీ నంబర్లు డిస్క్ మీద ఉన్నట్టే లెక్క. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఉంది కాబట్టి క్లయింట్‌కి ఆ సంగతి చెప్పి, వాళ్ల ఒప్పుకోలు రాతలో తీసుకోకుండా ఈ దారి వద్దు.

ఏ దారైనా, సెడ్ ఇంకొన్నాళ్లు ఉంచితే ఆ ప్యాటర్న్ ఒకసారి సరిచూసుకోండి. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలై వెంట తొమ్మిది అంకెలు అని రాశారు, ఇక్కడి మొబైల్ నంబర్లకి అది కరెక్టే. మీ కస్టమర్లు సగం మంది అమెరికాలో ఉన్నారు కదా! డాలస్‌లో 972తో మొదలయ్యే నంబర్ దాగుతుంది, అదే ఊళ్లో 214, 469వి నిక్షేపంగా కనిపిస్తాయి. ఇంకోవైపు, చుట్టూ హద్దు పెట్టలేదు కాబట్టి పద్నాలుగు అంకెల ఆర్డర్ నంబర్ మధ్యలోంచి కూడా పది అంకెలు కొరికేస్తోంది. రిఫండ్స్ చూసేవాళ్లు ఆర్డర్ నంబర్లు దొరకట్లేదని అంటున్నారని ఎక్కడో ఒక వాక్యం రాశారు చూడండి, అది ఇదే అయ్యుంటుందని నా నమ్మకం.

ఇప్పుడు రిపోర్ట్, లీడ్, రాజీనామా.

"నిర్లక్ష్యం" అని సంతకం పెడితే ఈ గొడవ రేపటికి ముగుస్తుంది, అది నిజం. కానీ ఆ మాట మీ ఫైల్‌లో ఉండిపోతుంది, అప్రైజల్ నాడు బయటికొస్తుంది. దానికంటే ముఖ్యం, అది అబద్ధం. అసలు కారణం రిపోర్ట్‌లోకి రాకపోతే వచ్చే నెల ఇంకో షిఫ్ట్‌లో ఇంకొకరు అదే ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటారు. రెండో దారి "తప్పు టూల్‌ది, నాకేం సంబంధం లేదు" అని డెమో చూపించి తిరగబడటం. మొదటి ఆరోపణ వరకు గెలుస్తారు. వెంటనే "మరి ఆ సెడ్ ఎవరు పెట్టారు, టికెట్ ఏది" అని అడుగుతారు, అప్పటిదాకా గెలిచిందంతా అక్కడ పోతుంది. లీడ్ కూడా నలుగురిలో మాట పడితే ఊరుకోరు.

నేనైతే రెండూ విడదీసి రాస్తా. మీవి కానివి రెండు, నిద్రపోవడం, లాగ్ చెరపడం. వీటికి లెక్కా, తెగిన లైనూ, ఎర్రర్ లాగూ, డెమో ఉన్నాయి, గట్టిగా రాయండి. మీవైనవి కూడా రెండున్నాయి, నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. ఒకటి, వాట్సాప్ మాట మీద ఎవరికీ చెప్పకుండా ప్రొడక్షన్ కాన్ఫిగ్ మార్చడం. లాగ్ పోవడానికి కారణం మీరు పెట్టిన ఆ లైనే. రెండోది, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు అన్నదాన్ని ఎర్రర్స్ లేవు అని ఫోన్‌లో చెప్పడం. అప్పుడు ఎర్రర్ లాగ్‌నీ, అసలు ఫైల్ చివరి వంద లైన్లనీ ఒక్కసారి తెరిచి ఉంటే అర నిమిషంలో తెలిసేది. ఈ రెండూ మీరే ముందు రాస్తే వాటికి వేరేవాళ్లు పేరు పెట్టే అవకాశం ఉండదు. దీనికి ఖర్చు ఉంది, సెడ్ సంగతి బయటపడ్డాక ఒక మెమో రావచ్చు, క్లయింట్ దగ్గర మీ ఆఫీసుకి మాట పడొచ్చు, ఆ కోపం కొన్నాళ్లు మీ మీదే ఉంటుంది. దొంగ అనిపించుకోవడం కంటే, చెప్పకుండా పని చేశాడు అనిపించుకోవడం తేలిగ్గా మోయొచ్చని నేననుకుంటాను, మోయాల్సింది మీరు కాబట్టి తూకం మీరే వేసుకోండి.

డెమోకి ముందు లీడ్‌తో మీటింగ్‌లో కాకుండా టీ దగ్గరో, క్యాబిన్‌లోనో ఒంటరిగా మాట్లాడండి. "సార్, ఒక విషయం దొరికింది, రెండు నిమిషాలు చూస్తారా" అంటే చాలు. ఆయన తప్పుబట్టింది తన ముందున్న ఫైల్‌ని చూసి, ఆ ఫైల్ చూస్తే నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. చూశాక కూడా నిద్ర అనే పట్టుబడితే అప్పుడు మీ వివరణ మెయిల్‌లో పంపి, రిపోర్ట్ మీద "నా వివరణ జతచేశాను" అని రాసి సంతకం పెట్టవచ్చు. పేపర్ వేయడం ఎప్పుడైనా చేయొచ్చు, కానీ లాగ్ మాయమైన వారంలోనే మనిషి మాయమైతే ఆఫీసు ఏమనుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో ఉద్యోగం చూసుకోవాలని ఉంటే చూసుకోండి, ఇది తేలాక వెళ్లండి.

ఆ మిగతా మూడు సర్వర్లు మాత్రం ఆగవు. రిపోర్ట్ ఇచ్చే రోజే వాటి గురించి కూడా చెప్పేసి, టికెట్లు వేసి, సెడ్ తీయడానికో మైనస్ యూ పెట్టడానికో అనుమతి తీసుకోండి. అయితే ఆ మార్పుకి కూడా అపాచీ రీస్టార్ట్ కావాలి, రీస్టార్ట్ చేస్తే పాత సెడ్ చేతిలో ఉన్న చివరి లైన్లు మళ్లీ పోతాయి. ట్రాఫిక్ బాగా తక్కువ ఉన్న వేళ చూసుకుని, రీస్టార్ట్‌కి ముందు కర్ల్‌తో (కమాండ్ ద్వారా వెబ్ పేజీలు అడిగే టూల్) ఏదైనా ఉత్త పేజీకి ఒక అరవై రిక్వెస్టులు వెంటవెంటనే పంపండి. ఒక్కోటి వంద అక్షరాల లైన్ రాసినా అరవైకి బఫర్ నిండి పొంగుతుంది, అసలు కస్టమర్ల లైన్లన్నీ ఫైల్‌లోకి వెళ్లిపోతాయి, సెడ్ చేతిలో మిగిలేవి మీవే. ఫైల్ చివర మీ కర్ల్ లైన్లు కనబడుతున్నాయని కంటితో చూసుకుని, అప్పుడు రీస్టార్ట్ కొట్టండి.